తంగేడుకు జాగ

తంగేడును పెంచటమేమిటని నవ్వుతారేమో! రాళ్లగుట్ట మీద, బీడులో, ఎవరూ చుక్క నీళ్లు పోయకున్నా విరగబూసే చెట్టుకు తోటమాలి ఎందుకని బి.ఎస్సీ.లో చేరిన కొత్తలో నేనూ అనుకున్నవాణ్ణే.

మాది హన్మకొండకు ఆనుకొని ఉన్న పల్లె. నా చిన్నతనంలో ఇంటి వెనుక గుట్ట దిగువంతా తంగేడే. బతుకమ్మ రోజుల్లో పొద్దుగాల్నే గంప పట్టుకొని అవ్వ వెంట పోయేవాణ్ణి. తిరిగి వస్తూ ఒక పుల్ల విరిచి పండ్లు తోముకునేవాళ్లం. 2014లో తంగేడును తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ప్రకటించిననాడు "మన పువ్వుకు గూడ పదవి అచ్చింది" అని అవ్వ మురిసిపోయింది. తరువాత కొన్నేళ్లకే ఆ బీడు చదునై, హద్దురాళ్లు పాతి, ప్లాట్లయింది. ఆ ఏడు సద్దుల బతుకమ్మకు చౌరస్తాలో తంగేడు కట్టలు కొనుక్కొచ్చాను. అవ్వ వాటి దిక్కు చూసి "తంగేడును గూడ కొనుడైందా బిడ్డా!" అన్నది. ఇక ఆ పూట మాట్లాడలేదు.

ఆ మౌనమే నా చేత పలుగు పట్టించింది.

మొదట రోడ్డు పక్కనున్న మొక్కను పెకిలించి తెచ్చి కుండీలో పెట్టాను. తల్లివేరు తెగింది, నాలుగు రోజుల్లో వాడిపోయింది. రెండోదాన్ని మట్టిగడ్డతో సహా తెచ్చి, పూటపూటా నీళ్లు పోశాను. ఆకులు పసుపుబారి, వేరు కుళ్లి అదీ పోయింది. కరువును తట్టుకునే మొక్కల మీద పరీక్షలో నాలుగు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి మరి! అవ్వ నవ్వి, "దానికి నీళ్లు గాదురా, జాగ కావాలె" అన్నది.

మూడోసారి ఎండిన కాయల నుండి గింజలు తీశాను. పెంకు గట్టిది గనుక వేడినీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి, తొలకరికి గోడవార మొరం నేలలోనే నాటాను. బాగా ఎండపడే చోటు, నీళ్లు నిలవని చోటు. మొదటి ఎండాకాలం మాత్రం అప్పుడప్పుడు తడిపాను. మరుసటి ఏడు వానలకు నడుమెత్తు పెరిగి పూసింది. ఆ పువ్వులో తేనె ఉండదు. తుమ్మెదలు పువ్వును పట్టుకొని జుమ్మని అదిలించి పుప్పొడి రాల్చుకుంటాయి. పుస్తకంలో చదివినదాన్ని మా గోడ పక్కన కళ్లారా చూశాను.

మోకాళ్ల నొప్పులతో అవ్వ ఆ ఏడు పద్మాక్షి గుండం దాకా రాలేకపోయింది. గడపలో కూర్చొని ఆ చెట్టు పూలను తానే పేర్చింది. ఒక్క వరుసైనా నిండలేదు. "ఒక్క చెట్టుతోని బతుకమ్మ నిండది బిడ్డా, వాడకు పదన్న ఉండాలె" అన్నది.

అందుకే ఈసారి కాయలన్నీ ఏరి దాచాను. కావలసిన మిత్రులు అడగండి, గుప్పెడు గింజలిస్తాను. షరతు ఒక్కటే: ప్రేమకొద్దీ నీళ్లు ఎక్కువ పోయకండి!