పదకొండో చోటు

మూడో సంవత్సరంలో సాఫ్ట్‌వేర్ డిజైన్ క్లాసు మొదలైనప్పుడు, "ప్రోగ్రాం రాయడం వచ్చినవాడికి ఇదంతా ఎందుకు?" అనుకున్నవాళ్ళలో నేనొకణ్ణి. మాస్టారు బోర్డు మీద గీసే పెట్టెలూ, బాణాలూ చూస్తే చాలు, నిద్ర ముంచుకొచ్చేది.

హాస్టల్ మెస్ బిల్లులు లెక్కకట్టే ప్రోగ్రాం మా నలుగురికీ అప్పగించారు. "ముందు కాగితం మీద గీసుకుందాంరా" అని మిగతా ముగ్గురూ మొత్తుకున్నారు. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు! రెండు రాత్రుళ్ళు మేలుకుని ఒక్కణ్ణే రాసేశాను. పనిచేసింది. అందరూ మెచ్చుకున్నారు. హాస్టల్లో దాన్నే వాడడం మొదలుపెట్టారు కూడా.

కొన్నాళ్ళకి మెస్ రేటు రోజుకి పన్నెండు రూపాయలు పెరిగింది. ఆ రేటుని నేను ప్రోగ్రాంలో పదకొండు చోట్ల రాసి ఉంచాను. పది చోట్ల మార్చాను. పదకొండోది, ఇంటికెళ్ళిన రోజులకి డబ్బు తగ్గించే చోట, పాత రేటుతోనే ఉండిపోయింది.

తండ్రికి జబ్బుచేసి ఇరవై రోజులు ఊరెళ్ళిన జూనియర్ ఒకడికి 240 రూపాయలు ఎక్కువ పడింది. అప్పు చేసి కట్టాడు. "అడగలేదేం తమ్ముడూ?" అంటే, "కంప్యూటర్ లెక్క కదన్నా, తప్పుండదనుకున్నా" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

వార్డెన్‌గారి దగ్గరకెళ్ళి తప్పు నాదేనని ఒప్పుకున్నాను. డబ్బు వాడికి తిరిగి ఇప్పించారు.

మాస్టారు తిట్టలేదు. 1972లో డేవిడ్ పార్నాస్ రాసిన వ్యాసం చేతికిచ్చి చదవమన్నారు. ప్రోగ్రాంని పనుల వరుసను బట్టి కాదు, రేపు మారబోయే నిర్ణయాలను బట్టి విడగొట్టాలనీ, ఒక్కో నిర్ణయాన్నీ ఒక్కో చోటే దాచాలనీ దాని సారాంశం. క్లాసులో నిద్రపోయిన నాకు అప్పుడు మెలకువ వచ్చింది.

1996 జూన్ 4న ఏరియాన్ 5 రాకెట్టు ఎగిరిన నిమిషంలోపే పేలిపోయింది. ఏరియాన్ 4 కోసం రాసిన ప్రోగ్రాం ముక్కను అలాగే వాడారు. కొత్త రాకెట్టు వేగానికి అంకె అందులో పట్టలేదు. వాళ్ళది రాకెట్టు, నాది మెస్ బిల్లు. రోజులు మారినా పాత లెక్క మారకపోవడమే రెండుచోట్లా జరిగింది.

చివరికి నలుగురం కూర్చుని కాగితం మీద గీసి, మళ్ళీ రాశాం. రేటు ఇప్పుడు ఒక్క చోటే ఉంది. పరీక్షలో మార్కులెన్నొచ్చాయో మరిచిపోయాను గానీ, ఏది రాయబోయినా, "రేపు ఇది మారితే ఎన్నిచోట్ల దిద్దాలి? దిద్దడం మరిస్తే ఎవరు కట్టాలి?" అని మాత్రం నన్ను నేను అడుగుతూనే ఉంటాను.