మాటలు సేకరించిన ఉపాధ్యాయుడు

పలాస నుండి సముద్రపు దిక్కునకు పోయినచో ఉద్దానము కనబడును. కొబ్బరితోటలు, జీడితోటలు, పనసచెట్లు, వాటి నడుమ ఇసుకనేలపై చిన్న చిన్న పల్లెలు. పలాసలో జీడిపిక్కల నుండి పప్పు తీయువారు, తీరమున వలలు వేయువారు, నౌపడ యొద్ద ఉప్పుమళ్లలో పాటుపడువారు అందరును రెక్కల కష్టము మీద బ్రదుకువారే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ తోటలను నేలగూల్చినది. ఏండ్ల తరబడి పెంచిన చెట్టు ఒక్క రాత్రిలో పోవుట ఎట్టిదో నాడు ఇచటివారు చూచిరి. అట్టి యింట ఒక పిల్లవాడు దీపము ముందర కథల పుస్తకము విడువక కూర్చున్నచో, తండ్రి అడుగు ప్రశ్న ఒకటి కలదు: "పుస్తకాలు కూడు పెడతాయేటి నాయనా?"

ఈ ప్రశ్నలో కోపము లేదు; భయము కలదు. కావున దీనిని తేలికగా త్రోసివేయరాదు. దీనికి బదులు వెదకుటకు దూరదేశములకు పోనక్కరలేదు. నౌపడలో బయలుదేరి టెక్కలి, పాతపట్నముల మీదుగా పర్లాకిమిడికి పోవు రైలుమార్గము కలదు. అది 1900లో ఏర్పడినది. అంతకు ఇరువదేండ్ల ముందు, 1880లో, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఒక యువకుడు నెలకు 30 రూపాయల జీతముపై ఉపాధ్యాయుడుగా చేరెను. శ్రీకాకుళము చేరువనున్న పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారే ఆ యువకుడు.

పర్లాకిమిడి చుట్టునుగల కొండలలో సవరలు నివసింతురు. వారి భాష తెలుగునకు చుట్టము కాదు. సంతాలీ, ముండారీ భాషలవలె అది ముండా కుటుంబమునకు చెందినది. దానికి నాడు లిపి లేదు, పుస్తకము లేదు. సవర బాలుడు బడికి వచ్చినను అచట వినబడు మాట అతని తల్లి మాట కాదు. తన భాష రాని అధికారి యెదుట, వర్తకుని యెదుట సవర నోరు విప్పలేక నష్టపోవుచుండెను. ఇది చూచి పంతులుగారు ఆ భాష నేర్వదలచిరి. తెలుగును సవరయు వచ్చిన యొకనిని తమ యింటనే ఉంచుకొని మాటలు నేర్చిరి. పిదప కొండపల్లెలకు పోయి, సవరలు మాటాడుకొనునది విని వ్రాసికొనిరి.

ఇది వినుటకు సులభముగా తోచును. కాని ఆ భాషలో గొంతును బిగించి, ఊపిరిని క్షణకాలము నిలిపి పలుకు ధ్వనులు గలవు. తెలుగు అక్షరములలో వాటికి గుర్తులు లేవు. ధ్వని తప్పిన అర్థమే తప్పును. అందుచే ప్రతి మాటను ఒకసారి విని ఊరకొనక, పలుమారులు పలికించి సరిచూచుకొనవలెను.

ఆ కొండలలో తిరుగుటచే పంతులుగారికి మన్యపు జ్వరము సోకెను. దానికి క్వయినా విశేషముగా సేవించుటచే వినికిడి తగ్గిపోయెను. మాటలు వినుటయే పనిగా పెట్టుకొన్నవానికి చెవియే పోవుటకంటె మించిన ఆపద ఏమున్నది? అయినను వారు పని విడువలేదు. కుమారుడగు సీతాపతిగారు ఈ కృషిలో వారికి చేయూతయై నిలిచిరి. పంతులుగారు సవర పిల్లలకు వాచకములు వ్రాసి, సొంత ధనముతో బడులు పెట్టి నడపిరి. వారి సవర వ్యాకరణము 1931లో అచ్చయినది. ఆ దశకముననే నిఘంటువులును వెలువడినవి. ముదిమియందు గాని ఆ కష్టమునకు ఫలము చేతికి రాలేదు.

సవర పిల్లలకు తల్లిభాషలో చదువు కావలెనని కోరిన పంతులుగారు తెలుగు పిల్లల సంగతి మరువలేదు. వాడుకభాష కొరకు వాదించి, 1919లో 'తెలుగు' అను పత్రికను నడపిరి. 1940లో వారు గతించిరి. వారి జన్మదినము నేడు తెలుగు భాషా దినోత్సవము. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కొన్ని గిరిజన భాషలలో ప్రాథమిక బోధన ప్రారంభించినప్పుడు వాటిలో సవరయు నుండెను.

పంతులుగారి శిష్యుడు తాపీ ధర్మారావుగారు వేరొక త్రోవ పట్టిరి. వారు 'జనవాణి' పత్రికకు సంపాదకులై, 1938లో వచ్చిన 'మాలపిల్ల' చలనచిత్రమునకు మాటలు వ్రాసి, కలము మీదనే జీవించిరి. శ్రీకాకుళము జిల్లావారే యగు కాళీపట్నము రామారావుగారు విశాఖపట్టణమున బడిపంతులుగా నుండి కథలు వ్రాసిరి. 1995లో సాహిత్య అకాడమీ పురస్కారము పొంది, 1997లో శ్రీకాకుళమున తెలుగు కథలను భద్రపరచుటకు 'కథానిలయము' స్థాపించిరి.

ఇక తండ్రి ప్రశ్నకు వత్తము. పుస్తకప్రీతి యొక్కటే కూడు పెట్టదు. గిడుగువారికి కూడు పెట్టినది బడిపంతులు జీతము. పరులకు పనికివచ్చు విద్యగా మారినపుడే ఆ ప్రీతి జీవనాధార మగును. ఉపాధ్యాయుడు, అనువాదకుడు, విలేకరి, అచ్చుతప్పులు దిద్దువాడు, గ్రంథాలయాధికారి, నిఘంటుకర్త, వీరందరును మాట మీదనే బ్రదుకువారు. వీనిలో గొప్ప ధనము లేకపోవచ్చును. ఓర్పు మాత్రము మిక్కిలి కావలెను.

ఈ విద్యకు తొలి పాఠము ఇంటనే కలదు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వెలువడిన వ్యవసాయ వృత్తిపదకోశము రైతుల నోటి మాటలనుండి కూర్చబడినదే. ఉద్దానములోను వలలోని ఒక్కొక్క భాగమునకు, గాలి వీచు దిక్కునకు, కొబ్బరికాయ ముదురు లేతలకు పెద్దల నోట మాటలు గలవు. పెద్దలతోబాటు అవియు పోవుచున్నవి. దీపము ముందరి పిల్లవాడు కథల పుస్తకమును కొంతసేపు మూసి, తెల్లకాగితము తీసికొని, "అయ్యా, దీనిని ఏమందురు?" అని తండ్రిని అడుగుగాక. అడిగినది వ్రాసికొని, మరల చదివి వినిపించుగాక. తప్పున్నచో తండ్రియే దిద్దును. ఆ రాత్రి ఆ యింట గురువు తండ్రియే.