మొదటి డికాషన్

మా తెనాలి ఇంట్లో కాఫీపొడి బజార్లో కొనడమంటే మామ్మకు నామోషీ. గింజలు పచ్చివే రావాలి, మన మూకుట్లోనే వేగాలి, మన మరలోనే పడాలి. డెబ్బయ్యో దశకం నాటి మాట. జీతం అందిన సాయంత్రం నాన్నగారు రెండు పొట్లాలు తెచ్చేవారు: పీబరీ ఒకటి, ప్లాంటేషన్ ఒకటి. కాఫీ పండులో మామూలుగా రెండు గింజలు ఒకదానికొకటి ఆనుకుని, ఒక పక్క బల్లపరుపుగా ఉంటాయి. ఎప్పుడైనా ఒకటే గింజ కడితే అది గుండ్రంగా తిరుగుతుంది, అదే పీబరీ. పైగుజ్జు తీసేసి, కడిగి, ఆరబెట్టిన అరబికాకు మన వ్యాపారంలో ప్లాంటేషన్ అని పేరు. పండును పండుగానే ఎండబెడితే చెర్రీ అంటారు. ఇవన్నీ పెద్దయ్యాక తెలిసిన సంగతులు. అప్పుడు మా పిల్లలకు తెలిసిందల్లా, పీబరీ గింజ అరుగు మీద వదిలితే మెట్ల దాకా దొర్లుతుందని.

వేయించడం మామ్మ పని. అది ఇంకొకరి చేతికి ఇచ్చేది కాదు. బొగ్గుల కుంపటి మీద ఇనప మూకుడు పెట్టి, గింజలు పలచగా పోసి, అట్లకాడతో ఆపకుండా కలియబెడుతూ ఉండేది. మొదట పచ్చిగడ్డి వాసన. ఆకుపచ్చ పోయి పసుపు రంగు తిరిగేసరికి పేలాల వాసన. తర్వాత గింజ ఉబ్బి చిటపటలాడేది. అక్కడినుంచి మామ్మ మాట్లాడేది కాదు, ఎవరు పలకరించినా చెయ్యి అడ్డంగా ఊపేది. కాస్త ఎక్కువ వేగితే చేదు, తక్కువైతే పులుపు. నూనె మెరుపు కనిపించీ కనిపించకముందే మూకుడు దించి, చేటలో కుమ్మరించి, విసనకర్రతో గబగబా విసిరేది. గింజ తన వేడికే ఇంకా మాడుతుందని, దించడం కంటే చల్లార్చడంలోనే చురుకు ఉండాలని అనేది. పొట్టు ఎగిరి ఆవిడ నెరిసిన జుట్టు మీద వాలేది. ఆ కమ్మని వాసన వీధి చివరిదాకా పోయేది. ఆ సాయంత్రం ఎవరో ఒకరు పని కల్పించుకుని మా ఇంటికి వచ్చేవాళ్లు. వస్తారని తెలిసే అమ్మ పాలు ఎక్కువ పోయించుకునేది.

మర తిప్పడం పిల్లల వంతు. బల్లకు బిగించిన ఆ ఇనప మర పిడి కోసం మేం కొట్టుకునేవాళ్లం. పొడి వేళ్ల మధ్య గరగరలాడాలి. మరీ మెత్తనైతే ఫిల్టరు బొక్కలు పూడుకుపోతాయి, మరీ బరకైతే నీళ్లు నిలవకుండా దిగిపోయి డికాషన్ పలచబడుతుంది. చికోరీ ఎంత కలపాలన్నది మాత్రం ఇంట్లో ఎప్పటికీ తేలని తగువు. చికోరీ ఒక మొక్క వేరు. ఎండబెట్టి, వేయించి పొడి కొడతారు. అందులో కెఫీన్ ఉండదు గానీ కాఫీకి రంగూ చిక్కదనమూ ఇస్తుంది. తాతగారు అసలు వద్దనేవారు. నాన్నగారు ఐదింట ఒక వంతు ఉండాల్సిందే అనేవారు. నేను ఈ రోజుకీ నాన్నగారి పక్షమే. గేదెపాల ముందు నిలబడాలంటే డికాషన్‌కు ఆ మాత్రం బలం కావాలి.

రాత్రి వంటిల్లు సర్దాక అమ్మ ఇత్తడి ఫిల్టరు పైగిన్నెలో పొడి వేసి, చదునుగా సర్ది, మరిగిన నీళ్లు చుట్టూ తిప్పి పోసి మూత పెట్టేది. తెల్లవారేసరికి కింది గిన్నెలో మొదటి డికాషన్ దిగి ఉండేది. అదే పొడి మీద పొద్దున మళ్లీ నీళ్లు పోస్తే వచ్చేది రెండోది. తాతగారికీ, నాన్నగారికీ, ఇంటికి వచ్చిన చుట్టాలకీ మొదటిది. అమ్మకూ అత్తయ్యలకూ రెండోది. పిల్లలకు, పాల రంగు మారీ మారనంత చుక్క. ఎవరు ఏ డికాషన్ తాగుతున్నారో చూస్తే చాలు, ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో తెలిసిపోయేది.

పెరటి వసారా చూరులో ఒక గ్లాసు దోపి ఉండేది. అంట్లు తోమే అక్కది అది. పని అయ్యాక ఆవిడే దాన్ని తీసి, కడుక్కుని, గట్టు మీద పెట్టేది. మామ్మ గిన్నె తగలకుండా పైనుంచి కాఫీ పోసేది. తాగాక ఆవిడే మళ్లీ కడిగి చూరులో దోపేది. మామ్మ దయలేని మనిషి కాదు. ఆ అక్క కూతురి పురిటికి కొత్త చీర పెట్టింది, బియ్యం పంపింది. కానీ గ్లాసు దగ్గరికి వచ్చేసరికి గ్లాసు వేరే. మా ఊళ్లో చాలా ఇళ్ల చూరుల్లో అలాంటివి ఉండేవి. పల్లెటూళ్ల హోటళ్లలోనూ కొందరికి వేరే గ్లాసులుండేవి. పాతకాలపు కాఫీ ముచ్చట్లు చెప్పుకునేటప్పుడు దీన్ని దాటేయకూడదని నా పట్టుదల. ఆ వాసన వీధంతా పంచుకున్నాం, గ్లాసు మాత్రం పంచుకోలేదు.

మామ్మ పోయింది. పెద్దకర్మ అయి చుట్టాలు వెళ్లిపోయాక ఒక పొద్దున అమ్మ ఆ అక్కను వంటింటి గడప లోపల కూర్చోమంది. మేం తాగే స్టీలు గ్లాసులో, మొదటి డికాషన్‌తో కాఫీ కలిపి చేతికిచ్చింది. ఆవిడ గ్లాసు పట్టుకుని అటూ ఇటూ చూసింది. "చల్లారిపోతుంది, తాగు" అంది అమ్మ. వసారాలో పేపరు చదువుతున్న తాతగారు తలెత్తి చూసి, ఏమీ అనకుండా మళ్లీ పేపర్లో పడ్డారు. అమ్మ తనకూ ఒక గ్లాసు కలుపుకుని ఆవిడకు ఎదురుగా పీట వేసుకుంది. ఇద్దరూ కూతురి కాన్పు గురించీ బియ్యం ధర గురించీ మాట్లాడుకున్నారు. అమ్మ మొదటి డికాషన్ తాగడం నేను చూసింది కూడా ఆ పొద్దునే. ఆ తర్వాత మా ఇంట్లో రెండో డికాషన్ గుర్తుకు రాని మాటైపోయింది. అమ్మ నాలుగు చెంచాల పొడి ఎక్కువ వేసి అందరికీ ఒకటే దింపేది.

పెళ్లయి హైదరాబాదు వచ్చాను. అత్తగారిది వరంగల్ వైపు, ఆ ఇంట్లో అందరిదీ చాయే. సారెలో వచ్చిన ఫిల్టరులో దింపి మొదటిరోజు ఇస్తే, అత్తమ్మ ఒక్క గుటక వేసి "ఇదేంది బిడ్డా, కషాయం లెక్కున్నది" అని పక్కన పెట్టింది. తర్వాత ఏళ్లకు మామయ్య పోయారు. ఆవిడకు తెల్లవారుజామున నిద్రపట్టేది కాదు, లేచి వంటింట్లోకి వచ్చి కూర్చునేది. ఒకరోజు తనే గ్లాసు ముందుకు జరిపి "నీ కషాయం జరంత నాకూ పొయ్యి బిడ్డా" అంది. అప్పటినుంచి ఆవిడ పోయేదాకా ఆ వేళ మా ఇద్దరిదే. తన పెళ్లినాటి ముచ్చట్లు, పుట్టి పోయిన మొదటి బిడ్డ సంగతి, కొడుక్కి కూడా చెప్పని మాటలు నాకు అప్పుడే చెప్పింది. ఆవిడకు చక్కెర మూడు చెంచాలు పడాలి. డాక్టరు వద్దన్నాక ఒకటికి ఒప్పుకుంది గానీ, ఆ ఒక్క చెంచా గోపురం కట్టాలి.

కాఫీ చెట్టును దగ్గర నుంచి చూడటానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. ఒక డిసెంబరులో అరకు వెళ్లాం. ఈ కనుమల్లో కాఫీ మొదట వేసింది 1898లో, తూర్పు గోదావరి వైపు పాములేరు లోయలో. అక్కడినుంచి అనంతగిరికీ చింతపల్లికీ పాకింది. ఇప్పుడు గిరిజన రైతుల చిన్న చిన్న తోటలు, సిల్వర్ ఓక్ చెట్ల నీడ, ఆ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పళ్లన్నీ ఒకేసారి ఎరుపెక్కవు, పండినవే ఏరాలి కనక ఒక్కో చెట్టు దగ్గరికి మళ్లీ మళ్లీ రావాలి. ఐదారు కిలోల పళ్లు కోస్తే కిలో పచ్చిగింజ. మామ్మ మూకుట్లోకి వచ్చిన ప్రతి గింజ వెనకా ఇలా కొండవాలు మీద ఎవరో నిలబడి ఏరిన చెయ్యి ఉందని, మా ఇంట్లో అంత కాఫీ తాగినవాళ్లం ఎవరమూ ఎప్పుడూ అనుకోలేదు.

ఒక తోట ఇంటావిడ మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి, సొంత గింజలు రోట్లో దంచి, నీళ్లలో కాచి, బెల్లం వేసి ఇచ్చింది. పాలు లేవు. ముందు సన్నని పులుపు, చివర ఒక తీపి, మామ్మ కాఫీకి దీనికీ ఎక్కడా పోలిక లేదు. బాగుందని రెండోసారి పోయించుకున్నాను. మీ ఊళ్లో ఎలా కాస్తారమ్మా అని అడిగింది. ఫిల్టరు గురించి చెబితే, రాత్రంతా దిగుతుందా అని ఆశ్చర్యపోయింది. హైదరాబాదు వచ్చాక ఒక స్టీలు ఫిల్టరు ఆవిడకు పంపాను. నెల తర్వాత వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు: పొద్దుటికి చుక్క కూడా దిగట్లేదట. పొడి ఎక్కడ పట్టించావు నాయనా అంటే పిండిమరలో అన్నాడు. బరకగా పట్టించమని, పొడిని గట్టిగా అదమొద్దని చెప్పాను. మర్నాడే మళ్లీ చేశాడు, దిగిందని, వాళ్లమ్మ పాలు కలుపుకోకుండానే తాగిందని.

పళ్లు ఏరే రోజుల్లో మళ్లీ రమ్మన్నారు. ఈ సంగతి చెప్పగానే అమ్మ తనూ వస్తానంది. ఈ వయసులో కారులో వెళ్లడమే మేలని నేనంటే వినదు. విశాఖ నుంచి కిరండూల్ రైల్లో, సొరంగాల దారినే వెళ్లాలట.