టీ పులుపా, వగరా?

మా అమ్మ అడ్డతీగల వైపు మా ఊరి నుంచి రాయవరంలో నా దగ్గరకు వచ్చాక టీ బాగా ఎక్కువైంది. పొద్దున లేవగానే పాలు లేని టీ, ఆ తరువాత ఎన్ని గ్లాసులో. వానాకాలం నుంచి కడుపులో మంట అంటోంది. టీలో యాసిడ్ ఉంటుంది, మాన్పించమని పక్కింటావిడ చెప్పింది. నేనూ అదే అన్నాను. అమ్మ ఒప్పుకోలేదు.

"పులుపంటే నాకు తెలీదా అయ్యా? చింతపండు కొట్టి సంతకు మోసినదాన్ని. ఇది పులుపు కాదు, వగరు."

పిల్లలకు సైన్సు చెప్పేవాణ్ణి కదా, పరీక్ష చేసి చూపిద్దామనుకున్నాను. పసుపు ముద్ద రాసి ఆరబెట్టిన కాగితం మీద టీ చుక్క వేశాను. మారలేదు. "చూశావా!" అంది అమ్మ. నాకు గుండె గతుక్కుమంది. పసుపు కాగితం సబ్బునీళ్లకు, వంటసోడాకు ఎర్రబడుతుంది. నిమ్మరసం పోసినా పసుపుగానే ఉంటుంది. అది క్షారాన్ని చెబుతుంది కానీ ఆమ్లాన్ని చెప్పదు. కొన్నేళ్ల కిందట ఒక ఏడో తరగతి పిల్ల ఇదే ప్రయోగం చేసి "టీ తటస్థం" అని రాస్తే నేను టిక్కు పెట్టాను.

తరువాత మందారం. ఎర్ర రేకులు వేడినీళ్లలో నానబెట్టి, ఆ రసంలో తెల్లకాగితం ముక్కలు ముంచి నీడన ఆరబెట్టాను. నిమ్మరసానికి ముదురు గులాబీ, వంటసోడా నీళ్లకు ఆకుపచ్చ. టీకి మాత్రం టీ మరకే. నీళ్లు కలిపి టీ రంగు తగ్గిద్దామంటే దాంతోపాటు ఆమ్లమూ పలచనవుతుంది. మందారం గట్టి పులుపుకే గట్టిగా పలుకుతుంది.

ఈ జిల్లాలో రొయ్యల చెరువుల వాళ్లు నీటి పీహెచ్ చూసుకుంటూ ఉంటారు. చెరువు మందులమ్మే కొట్లో పీహెచ్ కాగితాల చిన్న పుస్తకం దొరికింది. చల్లారిన నల్ల టీ 5 దగ్గర ఆగింది. పాలు పోసినది 6 దాటింది. నిమ్మకాయ పిండిన టీ, చింతపండు నీళ్లు రెండూ 3 దగ్గర. ఒక్కో అంకెకు పది రెట్లు తేడా, అంటే టీ కన్నా చింతపండు నీళ్ల పులుపు దాదాపు వంద రెట్లు. ఈ లెక్క 1909లో పెట్టిన సోరెన్‌సెన్ డెన్మార్క్‌లో కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ప్రయోగశాలలో పనిచేసేవాడు. పొద్దున తియ్యగా దిగిన జీలుగు కల్లు సాయంత్రానికి పులుస్తుందని ఎరిగిన అమ్మకు ఆ మాట చెబితే నవ్వింది.

అమ్మ నాలుక తప్పు చెప్పలేదు. టీలో ఆమ్లం ఉంది, కొద్దిగా. ఎక్కువున్నది వగరే, దాన్ని ఈ కాగితం చూపదు. ఆకుకూరల్లోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వనిది ఆ వగరే. రక్తం తక్కువున్న ఆడపిల్లలు మన గూడేల్లో ఎందరో. ఐరన్ మాత్రను టీతో మింగనివ్వకండి.

మరి మంట సంగతి? కడుపులో ఊరే ఆమ్లం 1, 2 అంకెల దగ్గర ఉంటుంది. దాని ముందు టీ ఎంత? టీ ఆ ఆమ్లాన్ని ఇంకొంచెం ఊరిస్తుంది, అది నిజమే. కానీ ఇన్నేళ్లు చింతపండు పులుసు తిన్నా రాని మంట ఇప్పుడెందుకు వచ్చింది?

"పొద్దున టీతో ఏం తింటావమ్మా?"

"ఏం తినను. మోకాళ్ల నొప్పి బిళ్ల వేసుకుంటా."

కొట్లో అడిగి కొన్న బిళ్లలు. చీటీ లేదు. ఆర్నెల్లుగా పరగడుపున మింగుతోంది. ఒకే ఇంట్లో ఉంటూ నేను అడగనే లేదు. ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళితే డాక్టరమ్మ ముందు ఆ బిళ్లలు ఆపించింది, కడుపు లోపలి పొరను పాడుచేసేవి అవేనని. ఇప్పుడు చోడి జావ తాగాకే అమ్మకు టీ, అదీ పాలు పోసి.

సోమవారం బడిలో పసుపు కాగితం మీద నిమ్మరసం వేయించాను. రంగు మారలేదు. "అయితే నిమ్మకాయలో పులుపు లేదా మాస్టారూ?" అని ఒకడు అడిగాడు. నేను పెట్టిన ఆ టిక్కు సంగతి అప్పుడు వాళ్లకు చెప్పాను.