రంగు పడరాని చోట్లు

కారు చక్రపు సందులలోంచి ఎర్రగానో పసుపుగానో తొంగిచూసే లోహపు దిమ్మెను కాలిపర్ అంటారు. బ్రేకు తొక్కినప్పుడు దానిలోని పిస్టన్లు ప్యాడ్లను ఇరువైపుల నుంచి డిస్కుకు అదిమిపడతాయి. బండి వేగమంతా అక్కడ వేడిగా మారుతుంది. మామూలు కార్లలో దాని రంగును ఎవరూ పట్టించుకోరు. స్పోర్ట్స్ కార్లలో మాత్రం అది ఆభరణం. షార్జా పారిశ్రామిక ప్రాంతంలో అలాంటి కార్లను బాగుచేసే ఒక షెడ్డులో మా తమ్ముడు పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాడు. నిరుడు మదర్సా సెలవులలో అతని వద్ద వారం రోజులు గడిపాను. కితాబులు తప్ప పానాలు ఎరుగని నాకు ఆ షెడ్డు మరో పాఠశాల అయింది.

అప్పుడు అతని చేతిలో ఉన్నది పోర్షే 911. ఎర్రని కాలిపర్లు వేడికి కమిలి ఇటుక రంగుకు తిరిగాయి. త్వరగా ముగించదలచినవారు చక్రం విప్పి, కాలిపర్‌ను బండికే ఉంచి, కుంచెతో రంగు పూసి పంపుతారు. తమ్ముడు అలా చేయలేదు. నాలుగింటినీ ఊడదీసి, పిస్టన్లనూ రబ్బరు సీళ్లనూ తొలగించి, పాత రంగు గీకించి, ఒట్టి అల్యూమినియం దిమ్మెలుగా మిగిల్చాడు. పౌడర్ కోటింగ్ సుమారు 200 డిగ్రీల వేడిలో గట్టిపడుతుంది. ఆ కొలిమిలో సీళ్లు పాడైపోతాయి.

నన్ను ఆశ్చర్యపరచినది ఆ తరువాతి పని. రంగు వేయడానికి పట్టే సమయం కంటే రంగు పడకుండా మూయడానికి పట్టే సమయమే ఎక్కువ! పిస్టన్ల గదులు, సీళ్లు కూర్చునే గాడులు, ప్యాడ్లు జారే అంచులు, బోల్టులు ఆనే ముఖాలు, అన్నిటినీ వేడికి ఓర్చే టేపుతోనూ బిరడాలతోనూ కప్పాడు. బోల్టు కింద రంగు పొర ఉంటే అది క్రమంగా నలిగి బిగింపు సడలుతుందట. ప్యాడు జారే చోట పొర మందమైతే ప్యాడు ఇరుక్కుని డిస్కును రాసుకుంటూనే ఉంటుందట. ఇంకో వింత, కాలిపర్ లోపల పారే బ్రేక్ ఆయిలే పైరంగుకు శత్రువు. చుక్క పడితే వెంటనే నీటితో కడగాలి, లేకుంటే మామూలు రంగు బుడగలెత్తుతుంది.

మూడవ రోజు యజమాని వచ్చి, ఎరుపు వద్దు, పసుపు వేయమన్నాడు. పోర్షేలో పసుపు కాలిపర్ సిరామిక్ డిస్కుల బ్రేకులకు గుర్తుగా వస్తున్నది. అవి ఎంతో ఖరీదైనవి. ఈ బండివి ఇనుప డిస్కులు. పై వారం దానిని అమ్మబోతున్నానని అతనే చెప్పాడు.

“పసుపు మా వద్ద వేయం సార్” అన్నాడు తమ్ముడు.

రంగే కదా అని నేను పక్కకు పిలిచి అడిగాను.

“తన కోసమైతే ఊదా రంగు అడిగినా వేస్తాను, భాయీజాన్. అమ్మేవాడు అడుగుతున్నాడు.”

ఏటా క్రయవిక్రయాల అధ్యాయంలో, పాలు ఎక్కువగా ఉన్నట్లు కనిపించడానికి పొదుగు పిండకుండా ఉంచి సంతకు తోలిన పశువు మసలా చెబుతుంటాను. మేకను పితకడం చూడని పట్టణపు పిల్లలకు అది ఒక పట్టాన అందదు. షార్జాలో, డీజిల్ వాసన మధ్య, అదే పొదుగు నాకు కనబడింది. తెలిసిన కొనుగోలుదారు డిస్కును చూసి పసిగట్టగలడు, నిజమే. తెలియనివాడి మాట ఏమిటి?

యజమాని వాదించలేదు. కారును స్టాండ్ల మీదనే వదిలి, కాలిపర్లను వేరే చోటికి పట్టుకుపోతానన్నాడు. షెడ్డు ముదీరు అందరి ఎదుటా తమ్ముణ్ణి మందలించాడు. రెండు రోజుల కూలి పోయిందని గుర్తుచేశాడు. తమ్ముడు తలవంచుకుని విన్నాడు. ఆ తరువాత అట్టపెట్టె తెచ్చి, కాలిపర్లను ఒక్కొక్కటిగా పాత గుడ్డలలో చుట్టాడు. కొత్త సీళ్లను వేరే సంచిలో వేసి, ఇవి కొలిమి తరువాతనే అని పైన రాశాడు. ప్రతి టేపు మీదా ‘తీయవద్దు, ఇక్కడ రంగు వద్దు’ అని ఉర్దూలో రాసి, పక్క షెడ్డులోని కుర్రవాణ్ణి పిలిచి అదే మాట మలయాళంలోనూ రాయించాడు.