బోర్డు మీది కాలువలు

నరసరావుపేట రిపేరు కొట్లలో సెల్‌ఫోన్లదే రాజ్యం. టీవీలూ మిక్సీలూ ఆ తర్వాత. గేమ్ కన్సోల్ బల్ల మీదికి రావడం అరుదు. వచ్చిందంటే నాకు పండగే.

టీవీకి తగిలించి ఆడిన పాత కేసెట్ గేముల్లో కరెంటు లెక్క సులువు. అడాప్టరు 9 వోల్టులిస్తే, 7805 అనే మూడు కాళ్ళ ఐసీ దాన్ని 5కి దించేది. బోర్డంతా ఆ అయిదు మీదే నడిచేది. 2005లో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360 అలా కాదు. దాని అడాప్టరు నుంచే రెండు సప్లైలు వస్తాయి: 12 వోల్టులు, స్టాండ్‌బై 5 వోల్టులు. తొలి అడాప్టర్లలో ఆ పన్నెండు దగ్గర 16.5 ఆంపియర్ల సత్తా ఉంది. లోపలికి పోయాక అది 5, 3.3, 1.8 అంటూ దిగి, చివరికి ప్రాసెసర్ దగ్గర ఒక వోల్టు చిల్లరవుతుంది.

పల్నాటి వాళ్ళకి ఇది తెలియని వ్యవహారం కాదు. సాగర్ కుడి కాలువ నుంచి బ్రాంచి కాలువకి, మేజరుకి, మైనరుకి, తూము దాటి చేలోకి నీళ్ళు దిగినట్టే ఇదీ. మైనరు ఎండితే ఎగువకి నడిచి చూస్తాం. బోర్డు మీద అలా నడవాలంటే ఏది ఏ కాలువో ముందు తేలాలి.

ఈ కాలువల్నే మేం రెయిళ్ళు అంటాం. మైక్రోసాఫ్ట్ వాళ్ళ సర్క్యూట్లో వాటి పేర్లు ‘వి_12పి0’, ‘వి_3పి3’ అని ఉంటాయి. పి అంటే పాయింటు. 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌ని 4కె7 అని రాసే పాత పద్ధతే ఇదీ: సన్నటి ముద్రలో చుక్క చెరిగితే 3.3 కాస్తా 33 అయిపోతుంది. చివర ‘ఎస్‌టీబీవై’ ఉంటే ప్లగ్గు పెట్టినంతసేపూ ఉండే కరెంటు. సోనీ వాళ్ళు దాన్నే ‘ఎవర్’ అంటారు. పన్నెండు మాత్రం ఆన్ బటన్ నొక్కాకే వస్తుంది. అది రాలేదని మొత్తుకునే ముందు స్టాండ్‌బై చూడాలి, బటన్ మాట వినేది ఆ కరెంటు మీద బతికే చిప్పే కనుక.

సర్క్యూట్ పటం కంపెనీ ఇవ్వదు. అందుకని తెలిసిన చిప్పు నుంచి వెనక్కి రావాలి. 48 కాళ్ళ నాండ్ ఫ్లాష్ నాకు ఇష్టమైన మొదలు. దాని 12, 37 కాళ్ళు సప్లై, 13, 36 గ్రౌండు. ఆ సప్లై కాలి మీద మీటరు మొన ఒకటి పెట్టి, రెండోదాన్ని చుట్టుపక్కల కెపాసిటర్ల మీద, కాయిళ్ళ మీద ఆనిస్తూ పోతే బీప్ మోగిన చోటల్లా అదే రెయిల్. సర్దుబాటు రకం 1117 రెగ్యులేటర్ కనిపిస్తే ఇంకా ఆనందం. దాని లోపలి ఆధారం 1.25 వోల్టులు. పక్కనున్న రెండు రెసిస్టర్లూ సమానమైతే బయటికొచ్చేది 2.5. అవుట్‌పుట్ వైపుది 120, గ్రౌండు వైపుది 200 ఓమ్‌లైతే దాదాపు 3.3. బోర్డుకి కరెంటు ఇవ్వకుండానే, కాగితం మీద, పేరు తేలిపోతుంది! ఈ పనిలో ఇంతకన్నా అందమైన ఘడియ నాకు తెలియదు.

పేరు తేలకపోతే మంచి బోర్డు చచ్చిపోతుంది కూడా. ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్పుల కోర్ రెయిళ్ళు గ్రౌండుకి ఒకటి రెండు ఓమ్‌లే చూపడం సహజం. మీటరు బీప్‌మంటుంది. అది కోర్ రెయిలని తెలియని కుర్రాడు షార్టు దొరికిందనుకుని బ్లోయర్ అందుకుంటాడు. అంత పెద్ద చిప్పుకి అనవసరపు వేడి తగిలాక చేసేదేం లేదు.

2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. సేద్యపు యంత్రాలు, ఫోన్లు, ఇంటి సామాన్లు, వాహనాలతో మొదలుపెట్టారు. కన్సోళ్ళకీ, మరేం అక్కర్లేదు, రెయిళ్ళ పేర్లూ వోల్టులూ ఉన్న ఒక్క పేజీ ఇప్పించాలి. ఆటబొమ్మే కదా అని వదిలేయకూడదు. అమ్మానాన్నలు ఎంతో కూడబెట్టి కొనిచ్చిన వస్తువది.