తబలా ముందు కూర్చుని పాడే మనిషి

2000లో 'కందిసా' క్యాసెట్ మా ఇంటికి వచ్చేసరికే ఇండియన్ ఓషన్ బృందానికి పదేళ్ల వయసు. ఢిల్లీ ఆర్.కె.పురం ప్రభుత్వ క్వార్టర్‌లో మాకున్నది ఒక్కటే టేప్ రికార్డరు. పొద్దున్నే సుప్రభాతంతో అది అమ్మది, సాయంత్రం కాలేజీ నుంచి వచ్చాక అన్నయ్యది. మే నెల ఎండల్లో కూడా ఆ క్యాసెట్ పెట్టే ముందు కూలర్ ఆపేసేవాడు. దాని రొదలో సుస్మిత్ సేన్ గిటారు మెల్లగా అందుకునే చోట్లు వినపడవని వాడి బాధ. చెమటలు కారుతున్నా కదలకుండా వినేవాళ్లం.

అట్ట మీది నాలుగు పేర్లూ నాకు కంఠతా వచ్చు. 1990లో సుస్మిత్, అషీమ్ చక్రవర్తి మొదలుపెట్టారు. తర్వాత బేస్ గిటారుతో రాహుల్ రామ్, 1994లో డ్రమ్స్‌తో అమిత్ కిలామ్ వచ్చారు. రాహుల్ రామ్ నర్మదా బచావో ఆందోళనలో తిరిగిన మనిషి; 'మా రేవా' ఆ నది ఒడ్డు పాటే. 'కందిసా' కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రార్థన. "ఏ భాషరా ఇది?" అని వంటింట్లోంచి అడిగిన అమ్మ, జవాబు కోసం ఆగకుండా గరిటె పట్టుకునే గుమ్మంలోకొచ్చి, పాటంతా నిలబడి విన్నది.

నా ప్రాణమంతా అషీమ్ మీదే. తబలా ముందు కూర్చుని వాయిస్తూనే పాడేవారు. చేతులు ఎంత పరుగెత్తినా గొంతుకు తొందర ఉండేది కాదు. 2009 డిసెంబరు 25న ఆయన పోయారు. ఆయన గొంతున్న పాటలను మరుసటి ఏడాది నుంచి నెలకొకటి చొప్పున ఉచితంగా ఇచ్చారు. ఆల్బమ్ పేరు '16/330 ఖజూర్ రోడ్'. కరోల్‌బాగ్‌లో ఏళ్ల తరబడి సాధన చేసిన ఇంటి చిరునామా అది.

ఆ ఒక్కరి చోటికి ఇద్దరు కావలసి వచ్చారు: తబలాకు తుహీన్ చక్రవర్తి, పాటకు హిమాంశు జోషి. 2013లో సుస్మిత్ కూడా తప్పుకుంటే నిఖిల్ రావు గిటారు అందుకున్నారు. అలా, మొదలుపెట్టిన ఇద్దరూ లేకుండానే 2014లో 'తందాను', 2023లో 'తూ హై' వచ్చాయి.

అషీమ్ లేని ఇండియన్ ఓషన్‌ను అన్నయ్య ఒప్పుకోడు. నేను ఒప్పుకుంటాను. పాట ఎంతసేపు సాగాలంటే అంతసేపూ సాగనిచ్చే ఓపిక వీళ్లలో ఇంకా ఉంది. హిమాంశు తన గొంతుతో తాను పాడతారు. అషీమ్‌ను అనుకరించి ఉంటే నేనూ అన్నయ్య పక్షమే చేరేదాన్ని.